గడపగుల్ల

వైశాఖ బహుళ దశమి, గోడకు అరవై మూడో ఏడు

పోటు దిగగానే గోడ మీదికి వెళ్ళి గుల్లల నాడి చూశాను. మా వాటాలో పన్నెండు యంత్రాలున్నాయి. ఒక్కొక్కటి చొక్కా గుండీ అంత ఉంటుంది. గుల్ల డొప్పకు అతుక్కుని, లోపల గుండె ఎలా కొట్టుకుంటోందో, మూత ఎప్పుడు తెరిచిందో ఎప్పుడు మూసిందో కాగితం మీదికి గీసి పంపుతుంది. పదకొండు సరిగ్గా ఉన్నాయి. నాలుగోదాని తీగను పీత కొరికేసింది. తీగ మార్చాను. పీతను ఇంటికి తెచ్చాను, కూర అయింది.

మా ఊరు చివరిలంకకు ఉన్న గోడ ఇదొక్కటే. పొడవు రెండు మైళ్ళు. అవతల సముద్రం. ఇవతల మేమూ, స్తంభాల మీద మా ఇళ్ళూ, ఇళ్ళ కింద మోకాలి లోతు నీళ్ళూ. రాయీ ఇసుకా కరువైన రోజుల్లో మా పెద్దవాళ్ళు ఆల్చిప్పల్ని పెంచి ఈ గోడ కట్టారు. మేం వాటిని గుల్లలంటాం. పాత గుల్ల మీద పిల్లగుల్ల అతుక్కోవాలి, దాని మీద దాని పిల్ల. అలా అతుక్కుంటున్నంత కాలం గోడ తనను తానే బాగుచేసుకుంటుంది. అది ఆగిన నాడు పురుగు తొలిచిన దూలంలా రాలిపోతుంది.

నా మనవరాలు అలివేణి గోడ మరమ్మతు జట్టులో మునిగి పనిచేస్తుంది. సాయంత్రం తల తుడుచుకుంటూ చెప్పింది.

"పైవరస పట్టుకుంటే ఊడొచ్చేస్తోంది మామ్మా. బెల్లం అచ్చులా ఉంది."

"నీ చెయ్యి బరువేమో."

"ఆ సంగతి నీలోనే పెట్టుకో. శ్రావణంలో పెళ్ళి."

పెళ్ళికొడుకు ధనరాజు, బట్టీవీధి బుల్లెమ్మ పెద్దకొడుకు. కుర్రాడు నెమ్మదస్తుడు. తల్లి కాదు. అలివేణి అమ్మానాన్నా మంచినీళ్ళ పడవ మీద ఉంటారు, పున్నమికి ఒకసారి వస్తారు. అందుకని ఈ సంబంధం మాటలన్నీ నా నెత్తిన పడ్డాయి.

జ్యేష్ఠ శుద్ధ సప్తమి

ఇవాళ బుల్లెమ్మ గుల్లచూపులకు వచ్చింది.

మా ఊళ్ళో ఆడపిల్ల పుట్టగానే ఇంటి వాటాలో ఒక గుల్లకు ఆ పిల్ల పేరు పెడతారు. పెళ్ళినాడు పెళ్ళికొడుకు దాన్ని ఉలితో ఊడదీస్తాడు. దాన్ని కాల్చి సున్నం చేసి కొత్త ఇంటి గడపకు పూస్తారు. ఆ గడప దాటితేనే పిల్ల ఆ ఇంటి కోడలు. నా పెళ్ళికి అరచేయంత గుల్ల సరిపోయింది. ఇప్పుడు పళ్ళెమంత లేకపోతే మగపెళ్ళివారు మొహం చిట్లిస్తున్నారు. కొందరు జత కావాలంటున్నారు. కొడుకు వేరుపడితే ఆ గడపకొక గుల్ల, సంఘం ఎన్నికలో నెగ్గితే ఇంకో గుల్ల.

అలివేణి పేరు పెట్టిన గుల్ల నా ఏడో నంబరు. పిల్ల పుట్టిన రోజునే ఆ గుల్లకు యంత్రం అతికించాను. మా వరుసలో అంత పెద్దది ఇంకోటి లేదు. నాకు భయపడి దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

బుల్లెమ్మ గోడ మీద గొంతుక్కూర్చుని నీళ్ళలోకి వంగి చూసింది.

"బానే పెరిగిందండీ అత్తయ్యగారండీ. ఈ బిళ్ళేంటండీ? తాళిబొట్టు ముందే కట్టేసేరా ఏంటి?"

"అది నాడి చూసే యంత్రం."

"పెళ్ళికి తీసేస్తారు కదండీ? తుప్పు కలిసిన సున్నం మా గడపకొద్దండీ బాబూ. మా వీధిలో అందరూ చూసే గడపండీ అది."

నేను తీస్తాననీ అనలేదు, తీయననీ అనలేదు. బుల్లెమ్మ గుల్లను మాత్రం మూడుసార్లు మెచ్చుకుని వెళ్ళింది.

జ్యేష్ఠ బహుళ ద్వాదశి

తొలివాన పడింది. నీళ్ళలో ఉప్పు విరిగింది. పొద్దెక్కేసరికి గోడ పాలు విడిచింది.

ఊరంతా పడవలేసుకుని వచ్చింది. గోడ పొడవునా నీళ్ళు తెల్లగా పొంగుతున్నాయి. పిల్లలు దోసిళ్ళతో చల్లుకున్నారు. గుల్లల చదువు చదివానని ఊరు నన్ను డాక్టరమ్మ అంటుంది. సంఘం పెద్ద నూకరాజు తన పడవలో లేచి నిలబడి నన్ను చూసి కేకేశాడు.

"చూసేరా డాక్టరమ్మగారూ! పోయినేడు మజ్జిగండీ. ఈ ఏడు మీగడండీ, మీగడ!"

నేను ఇంటికి వచ్చి కాగితాలు పరిచాను. మగగుల్ల పాలు విడిచేటప్పుడు మూత కాస్త తెరిచి ఊరుకుంటుంది. అంతకు మించి దానికి శ్రమ లేదు. ఆడగుల్ల అలా కాదు. గుడ్లను బయటికి నెట్టడానికి మూత తెరుస్తూ మూస్తూ చప్పట్లు కొడుతుంది. అప్పుడు కాగితం మీద గీతలు దువ్వెన పళ్ళలా పడతాయి. ఈ పని మొదలుపెట్టిన కొత్తలో, అంటే నలభై ఏళ్ళ కిందట, మూడు కాగితాల్లో ఒకదాని మీద దువ్వెన ఉండేది. ఇవాళ పన్నెండు చూశాను. పదకొండు చదునుగా ఉన్నాయి. ఏడో నంబరు ఒక్కటే చప్పట్లు కొట్టింది.

మీగడ అనుకుని ఊరు మురిసిపోయిందంతా మగపాలు. గోడ మీద తల్లులు తగ్గేకొద్దీ మగవి పెరుగుతాయి, నీళ్ళు మరింత తెల్లబడతాయి. ఊరు మరింత సంబరపడుతుంది.

ఆషాఢ బహుళ తదియ

గోడ అడుగున వేలాడదీసిన పెంకులు పైకి తీసి భూతద్దం కింద చూశాను. పుట్టిన పిల్లగుల్ల పదిహేను ఇరవై రోజులు నీళ్ళలో తిరిగి, గట్టిది దొరికితే అతుక్కుంటుంది. నిరుడు పెంకుకు పది చొప్పున ఉన్నాయి. ఈసారి నలభై పెంకులకూ కలిపి రెండు.

సంఘం కూటమికి వెళ్ళి చెప్పాను. గుల్లలన్నీ మగవిగానే మొదలవుతాయి. మూడు నాలుగేళ్ళు పెరిగి చెయ్యంత అయ్యాక ఆడవవుతాయి. కనుక పెద్దవి తీసేయడమంటే తల్లుల్ని తీసేయడమే. ఇది నేను కనిపెట్టింది కాదు, మా గురువుగారు మొదటి పాఠంలోనే చెప్పింది.

"మగోడు ముదిరితే ఆడదైపోతాడంటండోయ్!" అన్నాడొకడు.

"మా ఆయనెప్పుడవుతాడో కనుక్కోండి డాక్టరమ్మగారూ, వంట అప్పజెప్పేస్తాను," అని వెనక నుంచి ఒకావిడ.

నవ్వు అయ్యేదాకా ఆగాను. ఆ తరువాత నాకు అంతుపట్టని సంగతి అడిగాను. ఊళ్ళో ఏడాదికి పాతిక పెళ్ళిళ్ళు మించవు. జతలు లెక్కేసినా యాభై. గోడ మీద మాయమైన పెద్దగుల్లలు వందల్లో ఉన్నాయి. అన్నీ బట్టీలో కాలలేదు. మరి ఏమయ్యాయి?

అందరూ ఒకేసారి కాళ్ళ కింది చెక్కల వైపు చూసుకున్నారు. ఎందుకో అప్పుడు నాకు తోచలేదు.

"నీళ్ళు చూస్తే మీగడలా ఉన్నాయి, మీరు చూస్తే గోడ గొడ్డువోయిందంటారు. దేన్ని నమ్మమంటారండీ?" అన్నాడు నూకరాజు. మర్యాదగానే అన్నాడు.

ఆషాఢ బహుళ ఏకాదశి

బుల్లెమ్మను పిలిపించి ఏడో నంబరును కోయనివ్వనని చెప్పాను. ఆమె ముందు నవ్వింది. నేను నవ్వకపోయేసరికి మానేసింది.

"గుల్ల లేకుండా గడపెలా దాటుద్దండీ? రేపు మా వీధిలో దాన్ని కోడలంటారా, చుట్టంచూపుకొచ్చిందంటారా? మీరు చదువుకున్నారని మీ గుమ్మానికొచ్చేం కానీ, అత్తయ్యగారండీ, చదువుని గడపకి పూసుకోలేం కదండీ."

"వేరే గుల్ల చూద్దాం."

"గోడ మీదెక్కడున్నాయండీ పెద్దవి? వదిలితే రాత్రికి రాత్రి ఎవడో పట్టుకుపోడూ? అందుకే మా రెండోవాడి కోసం నాలుగేళ్ళ కిందటే జత తెచ్చి ఇంటికింద బుట్టలో దాచేనండీ. నేనొక్కదాన్నేనా? అందరూ దాచేరు. నూకరాజుగారింటికింద అయిదున్నాయి. మీకు తెలీదా ఏంటి?"

తెలియదు. కూటమిలో ఊరంతా కాళ్ళ కిందికి ఎందుకు చూసిందో ఇప్పుడు తెలిసింది.

తల్లులు చావలేదు. పొరుగువాడు ఎత్తుకుపోతాడన్న భయంతో ఎవరి తల్లిని వాళ్ళు గోడ నుంచి తెచ్చి ఇంటికింద వేలాడదీశారు. ఇళ్ళ కింద నీళ్ళు కదలవు. అక్కడ గుడ్లు విడిస్తే బురదలోకి దిగిపోతాయి.

బుల్లెమ్మ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "గుల్ల ఇస్తే పెళ్ళండీ. లేదంటే నేను వేరే చెప్పనక్కర్లేదు."

అలివేణి లోపలి నుంచి అంతా విన్నది.

"నీకు ఏడో నంబరు గుండె కొట్టుకుంటే చాలు. నాది అక్కర్లేదు కదా మామ్మా?"

అది గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మూత పడిన గుల్లను బలవంతాన తెరిస్తే కండ తెగుతుంది, గుల్ల చస్తుంది. లోపల గుండె నెమ్మదిస్తుంది కానీ ఆగదు. దానంతటది తెరుచుకున్నాక మళ్ళీ జోరందుకుంటుంది. అన్నం మూతపెట్టి ఉంచాను.

ఆషాఢ బహుళ త్రయోదశి

నూకరాజు ఇంటికి వెళ్ళి అడిగాను.

"ఆయ్, అయిదున్నాయండీ. అబద్ధమెందుకు. కానీ నేను ముందు తెచ్చి గోడ మీద పెట్టేననుకోండి, ఎదురింటోడు పెట్టలేదనుకోండి. నా కూతురి గడప బోసిగా ఉంటది, ఆడి కూతురి గడప మెరిసిపోద్ది. ముందెవరిస్తారో చెప్పండి, రెండోవాణ్ణి నేనవుతాను."

వరుసగా తొమ్మిది ఇళ్ళకు వెళ్ళాను. తొమ్మిదిళ్ళలోనూ రెండోవాళ్ళే ఉన్నారు.

మధ్యాహ్నం అలివేణి పని నుంచి తొందరగా వచ్చేసింది. మోచేయి గీరుకుపోయింది. పసుపు పెట్టాను. అప్పుడు నోరు విప్పింది.

"ఇవాళ తలుపంత పెచ్చు ఊడిపడింది మామ్మా. కొంచెంలో తప్పింది. ఊడిన చోట వెతికేను, ఒక్క పిల్లగుల్ల లేదు."

"ఊఁ."

"ఏడోదాన్ని కొయ్యనివ్వకు. కానీ నా పెళ్ళి ఆగకూడదు. రెండూ నువ్వే చూడాలి. నాకు తెలీదు."

ఇలా మాట్లాడడం దానికి నేర్పింది నేనే.

శ్రావణ శుద్ధ తదియ

తెల్లవారుజాము నుంచి వాన. గోడ మీద అక్కడక్కడా తెలుపు కనబడింది. ఒక సీసాలో ఆ పాలు పట్టుకుని తిన్నగా బుల్లెమ్మ ఇంటికి వెళ్ళాను.

"గుల్ల తెచ్చేరేంటండీ?" అంది.

"లేదు. నీ జత చూపించు."

చూపించమంటే ఆమె కాదనలేదు. మెట్లు దిగి తాడు లాగి బుట్ట పైకి తీసింది. నాచు పట్టినా, గుల్లలు రెండూ పళ్ళేల్లా ఉన్నాయి.

"చూడండెలా ఉన్నాయో. కన్నబిడ్డల్లా చూసుకుంటున్నానండీ."

బేసిన్లో సముద్రపు నీళ్ళు పోయించి, కాసిని వాననీళ్ళు కలిపించాను. ఒక గుల్లను నీళ్ళలో ఉంచి రెండు చేతులతో పట్టుకోమన్నాను. సీసాలోని పాలు దాని ముందు పోశాను. మగపాల వాసన తగిలితే ఆడగుల్ల గుడ్లు విడుస్తుంది. ఈ సంగతి చదువుకునే రోజుల నుంచీ తెలుసు. ఒకరి చేతుల్లో పెట్టి చూపించాలని మాత్రం ఇన్నేళ్ళలో ఎన్నడూ తోచలేదు.

చాలాసేపు ఏమీ జరగలేదు. బుల్లెమ్మ ఈలోగా పెళ్ళిలో వంకాయ కూర ఎవరు వండాలో, ఎవరు వండకూడదో చెప్పింది. వండకూడని వాళ్ళ జాబితా పెద్దది. మధ్యలో కెవ్వుమంది.

"అమ్మో! కొరికేసిందండీ!"

"కొరకలేదు. వదలకు."

"మళ్ళీ... మళ్ళీ కొడుతోందండీ! చప్పట్లు కొడుతోంది!"

మూత తెరుచుకుని ఠప్పున మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది. మూసినప్పుడల్లా అంచు నుంచి రవ్వ కంటే సన్నని తెల్లని ధూళి నీళ్ళలోకి ఎగజిమ్మి మెల్లగా అడుక్కు దిగుతోంది.

"ఏంటండీ ఇది?"

"గుడ్లు. లక్షల్లో ఉంటాయి. నీ చేతుల్లో కంటోంది."

గుల్ల చప్పట్లు ఆపేదాకా బుల్లెమ్మ చేతులు కదల్చలేదు. నడుం నొప్పెడుతున్నా వంగే ఉంది.

"కడుపుతో ఉన్నదాన్నాండీ బుట్టలో వేలాడదీసేను?" అంది చివరికి.

"నాలుగేళ్ళుగా."

"కాల్చేసి గడపకి పూసేవాళ్ళమా!"

నేను తల ఊపాను. ఆమెకు కళ్ళనీళ్ళు వచ్చాయి. వెంటనే కోపమూ వచ్చింది.

"మీరేంటండీ మరి! ఆడవన్నారు, అంకెలన్నారు, పెంకులన్నారు. కడుపుతో ఉందని ఒక్కసారన్నా అన్నారా?"

అనలేదు. మా శాస్త్రంలో ఆ మాట వాడరు. ఆమాటే చెప్పాను.

"మీ శాస్త్రం పాడుగానూ," అంది. గుల్లను మెత్తని తడిగుడ్డలో చుట్టింది. "కానుపుకి పుట్టింటికి పంపించాలండీ. మెట్టింట్లో పురుడేంటి, అప్రదిష్ట! దీని పుట్టిల్లేదండీ, గోడేనా?"

"గోడే."

"అయితే పదండి."

శ్రావణ శుద్ధ షష్ఠి

శాస్త్రం చెప్పి నేను పక్షం రోజుల్లో చేయలేని పని బుల్లెమ్మ మూడు రోజుల్లో చేసింది. ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళతో ఒకే ఒక్క ముక్క చెప్పింది. కడుపుతో ఉన్నదాన్ని పురిటికి పంపకుండా ఇంటికింద కట్టేసుకున్న కొంప ఏదో ఊరంతా చూస్తుందని. ముందెవరన్న ప్రశ్నే రాలేదు. ఆఖరున ఎవరు మిగులుతారోనన్న భయమే మిగిలింది.

ఇవాళ పడవలు వరుసగా వచ్చాయి. బుట్టలకు పువ్వులు చుట్టారు, గాజులు కట్టారు. పసుపు నీళ్ళలో కలపబోతే గట్టిగా వారించాను. బుట్టకు రాయండి, నీళ్ళలో వద్దు అన్నాను. "పెద్దావిడ పుట్టింటి వైపు మనిషి, ఆవిడ మాటే చెల్లాలి," అని బుల్లెమ్మ అందరికీ సర్దిచెప్పింది. నేను పుట్టింటి వైపు మనిషినని అప్పుడే తెలిసింది.

నూకరాజు అయిదు అన్నవాడు ఎనిమిది తెచ్చాడు. "మూడు మర్చిపోయేనండీ," అన్నాడు. నేను చూసిన చూపుకు తొమ్మిదోది పడవ అడుగు నుంచి తీశాడు.

మొత్తం మూడువందల నలభై ఒకటి. పుస్తకంలో ఎక్కించాను. అలివేణి జట్టు వాటిని ఊడిన చోట్లలో, మగవాటి మధ్య, తీగతో కట్టి నిలబెట్టింది.

శ్రావణ బహుళ పంచమి

పెళ్ళి అయింది. పోటు దిగాక ధనరాజు ఆనవాయితీ ప్రకారం ఉలి పట్టుకుని ఏడో నంబరు దగ్గరికి వంగాడు. ఉలిని డొప్పకు తాకించి నాకిచ్చేశాడు. ఉలి ఇప్పుడు నా దగ్గరే ఉంది.

కొత్తింటి గడపకు సున్నం లేదు, పసుపు ఒక్కటే పూశారు. వీధిలో ఎవరో గొణిగారు. బుల్లెమ్మ అందరికీ వినబడేలా చెప్పింది. "మా కోడలి గుల్ల పుట్టింట్లో ఉందండీ, పురిటికి. మీవేమయ్యాయో మరి." అలివేణి గడప దాటింది. దాటేముందు ఒక్కసారి వెనక్కి తిరిగి నన్ను చూసింది. రెండూ చూశావన్నట్టు కళ్ళు చికిలించింది.

ఇంటికొచ్చాక ఒక పళ్ళెమే పెట్టుకున్నాను. ఏడో నంబరు నాడి సవ్యం.

భాద్రపద శుద్ధ దశమి

పోయిన పక్షంలో పెద్దవాన పడినప్పుడు గోడ మళ్ళీ విడిచింది. నీళ్ళు అంత తెల్లగా లేవు. ఊరు దిగులుపడింది. "మజ్జిగేనండీ ఈసారి," అన్నాడు నూకరాజు. కాగితాలు తెచ్చి చూపించాను. వచ్చిన తల్లుల్లో పదింటికి యంత్రాలు పెట్టాను. పదింటిలో తొమ్మిది దువ్వెనలు. పదోది ఎందుకు ఊరుకుందో చూడాలి.

ఇవాళ పెంకులు తీశాం. అలివేణి, బుల్లెమ్మ, నూకరాజు చుట్టూ నిలబడ్డారు. మొదటి పెంకు మీద ఆవగింజల్లాంటి చుక్కలు. వేలితో తడిమితే గరుకుగా తగిలాయి. ఎనభై నాలుగు. రెండో పెంకు మీద నూట పన్నెండు. బుల్లెమ్మ భూతద్దం లాక్కుని, "బారసాల చెయ్యాలంటే ఊరి బియ్యం చాలవండీ," అంది.

ఇవి ఈ ఏటి తుఫానుకు అందిరావు. ఆశ్వయుజం నాటికి గోరంత కూడా ఉండవు. ఈసారికి పైవరసకు వెదురు తడికలు కట్టి నెట్టుకురావాల్సిందే. అలివేణి అప్పుడే వెదురు లెక్క వేసుకుంటోంది. రెండేళ్ళు దాటితే గోడ తన పని తాను చూసుకుంటుంది. ఆలోగా తల్లులు మళ్ళీ బుట్టల్లోకి వెళ్ళకూడదు.

నూకరాజు తల గోక్కుంటూ అడగనే అడిగాడు.

"మా అమ్మాయి పెళ్ళి మాఘంలోనండీ. మూడో నెల వచ్చేస్తే అత్తారింటికి పంపడం ఆనవాయితీ కదండీ. మరి మా గుల్లల్ని ఎప్పుడు తెచ్చుకోమంటారు?"

"అది పుట్టింటోళ్ళు చెప్పాలండీ," అంది బుల్లెమ్మ. ముగ్గురూ నావైపు చూశారు.

ఇంకా పురిటి స్నానం కాలేదన్నాను. మాఘంలో అడిగినా అదే చెబుతాను. వచ్చే ఏడు అడిగినా అదే.